మేడమ్ వచ్చే రోజు

నడివయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టిన ఆడమనిషిని చూసి మా స్టాఫ్‌రూమ్‌లో ఎదురుగానే నవ్వేవారు, మా ఇంట్లో పేపర్ చాటున నవ్వేవారు. "డాక్టరై ఎవరికి సూది వేస్తవ్?" అన్నాడు మా ఆయన. రాంగోపాల్‌పేట్‌లో మేముండే వాటా చిన్నది. తినే బల్ల సగం నా కాగితాలది, సగం అన్నం గిన్నెలది. పప్పు మరకలు పడని చాప్టర్ నా థీసిస్‌లో ఒక్కటీ లేదు.

సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నా పరిశోధనేమో పల్లెటూరి బడి గురించి. అక్కడికి డిజిటల్ బోర్డు వచ్చాక పాఠం చెప్పే తీరు మారిందా అన్నది ప్రశ్న. మారిందనే రాసుకున్నాను, కళ్లారా చూశాను కాబట్టి. సెలవు పెట్టి, స్టేషన్‌లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, దిగాక ఆటో పట్టుకుని ఆ ఊరి బడికి వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ బోర్డు వెలుగుతూ ఉండేది. గుండె బొమ్మ కొట్టుకునేది, భూమి తిరిగేది, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను అచ్చం వాళ్లలాగే సంబరపడేదాన్ని. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

వెళ్లేముందు మాత్రం అక్కడి సైన్స్ టీచర్‌కు తప్పకుండా ఫోన్ చేసేదాన్ని. చెప్పకుండా బడికి వచ్చేది అధికారులు. నేనూ టీచర్నే, చెప్పకుండా వచ్చే వాళ్లంటే మాకెంత హడలో నాకు తెలుసు. సాటి మనిషిని అలా హడలగొట్టకూడదని నా మర్యాద. మా గైడ్ నేర్పిన పద్ధతుల్లో ఆ మర్యాద లేదు, అది పూర్తిగా నా సొంతం.

యూనివర్సిటీ ఆఖరి గడువు ఇచ్చింది, ఇక పొడిగించరు. చివరిగా ఇంకొక్క క్లాసు చూసి ముగించమన్నాడు గైడ్. ముందురోజు సాయంత్రం ఎంత ప్రయత్నించినా సైన్స్ టీచర్‌కు ఫోన్ కలవలేదు. సెలవు అప్పటికే పెట్టేశాను. సరేలే అని రైలెక్కాను.

క్లాసులో బోర్డు మీద పూల దుప్పటి కప్పి ఉంది. దసరా పూజకు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఫ్రేము మీద చెక్కు చెదరలేదు. సైన్స్ టీచర్ సుద్దముక్కతో పాఠం చెప్తోంది. నన్ను చూడగానే చేతిలో సుద్దముక్క బల్ల మీద పడేసి గబగబా దుప్పటి లాగబోయింది.

"ఫోన్ జేస్తే ఆన్ జేసి పెడ్తుంటిమి గద మేడమ్."

"రోజూ పెడ్తలేరా?" అన్నాను.

"యాడ మేడమ్. ఇక్కడ కరెంటు ఎప్పుడెట్ల ఉంటదో ఎరుక లేదు. బోర్డు కాలిపోతే పెద్దసారు జవాబు చెప్పాలె. ఎవరన్న చూడనీకి వస్తెనే తీస్తం."

"మరి నేను చూసినవన్నీ?"

ఆమె ముఖంలో కపటం లేదు. అదే నన్ను నిలువునా కూల్చింది. "మీరు అంత దూరం నుంచి తక్లీఫ్ పడి వస్తరు. మీ పీహెచ్‌డీ మంచిగ కావాలె గద. పిల్లలకు సుత చెప్పినం, మేడమ్ అడిగితే రోజు చూస్తమని చెప్పుండ్రి అని."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను? ఆమె చేసింది ఉపకారం. నా ఫోన్ వెళ్లిన రోజునే ఆ పిల్లలకు భూమి తిరిగింది. నా సెలవు అయిపోగానే మళ్లీ దుప్పటి కప్పుకుంది. ఆమె పెట్టిన టీ తాగి, పాఠం పూర్తయ్యేదాకా వెనక బెంచీలో కూర్చున్నాను. సుద్దముక్కతో ఆమె బాగానే చెప్పింది. దాన్ని రాసుకోవడానికి నా పరిశీలన పత్రంలో గడి లేదు.

మర్నాడు స్కూలు అయ్యాక గైడ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు చూసిన రోజుల్లో బోర్డు నడిచిందా?"

"నడిచింది సార్."

"మరి అదే రాయండి. ఇది కొత్తగా రాయాలంటే సినాప్సిస్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. టైముందా మనకు?"

లేదు. చదువుకు ధారపోసిన ఇన్నేళ్ల ఓపికా పోతుంది, ఇంకోసారి మొదలుపెట్టే ఓపికా లేదు. నిజం రాస్తే డిగ్రీ లేదు, డిగ్రీ వస్తే నిజం లేదు. ఎటు తిరిగినా నా చేతికేమీ మిగలదని అక్కడ కుర్చీలో కూర్చునే అర్థమైంది.

"థీసిస్‌లో రెండు ఫొటోలు పెడదాం. నేను కూడా వస్తాను" అన్నాడు గైడ్. "సోమవారం వస్తున్నామని బడికి చెప్పి ఉంచండి."

మెట్లు దిగి బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. మా రూటు బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకో బస్సు కూడా వెళ్లిపోయింది. తర్వాత సంచిలోంచి ఫోన్ తీశాను. ఈసారి సైన్స్ టీచర్ మొదటి రింగుకే ఎత్తింది.

"సోమవారం వస్తున్నం. మా సార్ గూడ వస్తరు" అన్నాను.

"రాండ్రి మేడమ్. ఫికర్ జెయ్యకుండ్రి, ఆన్ జేసి పెడ్తం."

థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను.