స్కోపు గాడిలో కుంకుమ

మొన్న మా ఆవిడ వేట సీజనుకు ముందు రైఫిల్ తుడుస్తూ, దానిమీది గురిచూసే దుర్భిణి, అదే స్కోపు, గాడిలో ఇరుక్కున్న కుంకుమ నలుసొకటి చూపించింది. ఎన్నిసార్లు తుడిచినా అది పోదు. చూసినప్పుడల్లా మా అమ్మ జర్మనీలో మేముండే బ్రెమెన్‌కు వచ్చిన దసరా గుర్తొస్తుంది.

మా ఆవిడకు ఈ వేట పిచ్చి ఎలా పట్టిందో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. ఐటీ ఉద్యోగం చేస్తూనే ఏడాదిపాటు చదివి యాగ్డ్‌షైన్, అంటే వేట లైసెన్సు, సంపాదించింది. అప్పటినుంచి మా హాలు కవాతు మైదానమైంది. ఖాళీ రైఫిల్‌ను మూడుకాళ్ల కర్ర మీద ఆనించి, గొట్టం మీద నాణెం పెట్టి, గోడమీది స్విచ్‌కు గురిచూసి మీట నొక్కేది. నాణెం పడితే చెయ్యి కదిలినట్టు లెక్క. పడుకుని కాల్చడం తేలిక కదా అన్నాను ఓసారి. "ఈ వానల బురదల పండి ఎవలు కాలుస్తరు? నిలవడి, కూసోని కొట్టుడే పనికొస్తది" అంది. నాణెం చప్పుడు వినబడిందంటే నేను వంటింట్లోకి తప్పుకునేవాణ్ని.

ఆ ఏడు, అడవిలో వేట హక్కు లీజుకు తీసుకున్న పక్కూరి పెద్దాయన ఆవిడను తొలిసారి ఆడజింకల వేటకు పిలిచాడు. ఒకటే షరతు. వేటకు ముందు శనివారం కాల్పుల రేంజిలో, ఆయన కళ్లముందు, మూడు గుండ్లు అరచేతంత చోట పడాలి. జింక గుండె ఉండే చోటు అంతే మరి.

ఈలోగా దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే అంతవరకు కూరగాయల కత్తికీ లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టడమే. "ఇంట్ల తుపాకి వెట్టుకొని కత్తికి పూజ చేస్తరా?" అంది అమ్మ. మా ఆవిడ బీరువా తాళం తీసి, రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, పీట మీద పెట్టి, పక్కనే కూర్చుని నిమ్మకాయలు కోసింది. అమ్మ రైఫిల్‌ను శ్రద్ధగా తుడిచి పసుపు కుంకుమలు పెట్టింది.

శనివారం మూడు గుండ్లూ ఒక్కచోటే పడ్డాయి. కానీ పడింది కాగితం మీది బొమ్మ జింక పొట్టలో. మళ్లీ కొట్టినా అక్కడే. చెయ్యి బాగానే ఉంది, స్కోపు జరిగింది, రైఫిల్ ఎక్కడ కింద పడేశావని అడిగాడు పెద్దాయన. పడేయలేదంది. ఆయన నమ్మలేదు. పడేయడం తప్పు కాదు, దాచడం తప్పు, దాచేవాళ్లను అడవికి తీసుకెళ్లనని చెప్పి వెళ్లిపోయాడు. వేట పోయినందుకు కాదు, అబద్ధాలకోరు అనిపించుకున్నందుకు మా ఆవిడ కారులో ఏడ్చింది.

ఇంటికొచ్చి అమ్మకు సంగతి చెప్పాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "స్కోపు మీది మూత ఇప్పి తుడిచిన బిడ్డా. లోపటిది తిరిగింది. టిక్కు టిక్కుమన్నది. దుమ్ము పోతుందనుకున్న." గురి సరిచేసే మర అదే. మళ్లీ తనే, "కాయితం మీద కొట్టకుండ సీదా అడవికి పోతే?" అంది. జింకకు పొట్టలో తగిలేదని, అది వెంటనే చావదని, అలాగే పరుగెత్తుతుందని చెప్పబోయాను. నన్ను పూర్తి చేయనివ్వలేదు. శాలువా కప్పుకుంది. "నడువ్, ఆయనింటికి."

మా అమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. తప్పు ఒప్పుకోమని ఊళ్లో పిల్లలందరికీ నేర్పింది గాని, తాను ఎన్నడూ ప్రాక్టీసు చేయలేదు. కోడలి గురించి మంచిమాట అనడంలోనూ అంతే పొదుపు. ముగ్గురం వెళ్లాం, పెద్దాయన ఇంటి గుమ్మంలో నిలబడి అమ్మ తెలుగులోనే మొదలుపెట్టింది. నేను జర్మన్‌లో చెబుతూ పోయాను.

"తప్పు నాది. తిప్పింది నేను. నా కోడలు అబద్ధమాడది. ఇన్నేండ్ల సంది సూస్తున్న, ఒక్కనాడు ఆడలే. ఉన్నదున్నట్టు చెప్పురా ఆయనకు."

ఆ చివరి మాటలు నేను జర్మన్‌లోకి తెచ్చేలోపే మా ఆవిడ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను ఉన్నదున్నట్టే చెప్పాను. పెద్దాయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, వచ్చే శనివారం మళ్లీ రమ్మన్నాడు.

ఆ శనివారం గుండ్లు చోటు తప్పలేదు, మా ఆవిడ వేటకు వెళ్లింది. స్కోపు సరిచేయడానికి అరగంట పట్టింది. అమ్మ నోటి నుంచి ఆ ఒక్క మాట రావడానికి మాత్రం మా పెళ్లినాటి నుంచి అప్పటిదాకా పట్టింది.