ఇంటికి చేరిందాండీ

మేం నడిపిన వెబ్‌సైటు గురించి ఎవరైనా అడిగితే, ఎంతమంది పిల్లలు చేరారు, ఏయే కాలేజీల వాళ్లు వచ్చేవాళ్లు అనే అడుగుతారు. ఆ ఏళ్లు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం సాయంత్రమయ్యేసరికి పట్టుకునే గుండెదడ.

అప్పట్లో నేను బెజవాడ పటమటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడే పనిచేసే ఇద్దరు మిత్రులూ నేనూ కలిసి, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల కోసం ఆ సైటు తయారుచేశాం. హ్యాకథాన్, అంటే జట్లుగా ప్రోగ్రాములు రాసే పోటీ, అన్న మాట మేమూ అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాం. ఏ ఊరి పిల్లలైనా అందులో పేరు నమోదు చేసుకుని, తమకో జట్టు వెతుక్కోవచ్చు, సందేహాలు అడగొచ్చు, ఒకరి ప్రోగ్రాములో తప్పులు ఇంకొకరు దిద్దొచ్చు. కొన్ని నెలలకోసారి అందరూ మా ఇన్‌స్టిట్యూట్ మేడ మీది హాల్లో చేరి, ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని ఏదో ఒకటి తయారుచేసి చూపించాలి.

మగపిల్లలు అక్కడే దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్లు. ఆడపిల్లలు మాత్రం చీకటి పడకముందే బయల్దేరి ఇళ్లకు పోయి, పొద్దున్నే మళ్లీ రావాలి. ఆ నియమం నాదే. రాత్రి హాల్లో ఉంచాలంటే భయం, బయటికి పంపాలంటే అంతకన్నా భయం. వాళ్లు మెట్లు దిగిన దగ్గర్నుంచీ బస్టాండులో వెంటపడే వెధవలూ, దీపాల్లేని మలుపులూ, పొద్దున పేపర్లో చదివిన వార్తలూ కళ్ల ముందు తిరిగేవి. అందుకని ఒక్కొక్కరి ఇంటికీ ఫోను చేసి "అమ్మాయి ఇంటికి చేరిందాండీ?" అని అడిగేదాన్ని. "మేడమ్‌గారు సైటు నడుపుతున్నారా, లేడీస్ హాస్టలు నడుపుతున్నారా?" అని మిత్రులు ఏడిపించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. వాళ్లు ఏ ఆడపిల్లనీ ఒంటరిగా బస్సెక్కించి, చేరిందన్న కబురు కోసం ఎదురుచూసిన వాళ్లు కారు మరి.

మైలవరం దాటాక ఒక పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చేది. తండ్రి మామిడితోటల్లో కూలిపని చేసేవాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు. ప్రోగ్రాము కాగితం మీద రాసుకుని, బస్సులో కూర్చుని దిద్దుకుంటూ వచ్చేది. కాలేజీ కంప్యూటర్లోంచి సైట్లో రాసేది. ఎవరికి ఏ చిక్కొచ్చినా అందరూ ఆ పిల్ల జవాబు కోసమే చూసేవాళ్లు.

వాళ్లింట్లో ఫోను కూడా లేదు. వాళ్ల చర్చి పాస్టరుగారింటి నంబరిచ్చింది. బస్సు దిగి తిన్నగా అక్కడికెళ్లి నా ఫోను కోసం కూర్చునేది. మోగగానే తనే ఎత్తి "చేరానండి మేడమ్" అనేది. ఆ ఫోను వరండాలో ఉంటుందనీ, అక్కడ ఎప్పుడూ నలుగురు కూర్చునే ఉంటారనీ ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఒక చలికాలం పోటీలో, ఆ పిల్ల ఊరు చేరే వేళకి ఎప్పటిలాగే ఫోను చేశాను. "హలో" అన్నది పాస్టరుగారి భార్య. వెంటనే ఫోను పెట్టేశాను.

పిల్ల ఇంకా చేరలేదు. అడుగుదామంటే, నేనడిగిన మరుక్షణం ఆ వరండా అంతటికీ తెలిసిపోతుంది. పోటీ అని బెజవాడ వెళ్లి మగపిల్లల మధ్య కూర్చున్న పిల్ల పొద్దుపోయినా ఇల్లు చేరలేదట అని తెల్లారేసరికి ఊరంతా అనుకుంటుంది. చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు. అడగకుండా ఊరుకుందామంటే, దారిలో ఏమైనా జరిగి ఉంటే?

మిత్రుల్లో ఒకాయన స్కూటరేసుకుని బస్టాండుకి వెళ్లి, అక్కణ్ణుంచి ఫోను చేశాడు. "మైలవరం బస్సు టైముకే పోయిందంటండీ" అన్నాడు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. పక్కనే ఉన్న రెండో ఆయన నా మొహం చూసి, "ఈసారి నుంచి ఆడపిల్లల్ని వద్దందామండీ. ఇంటి దగ్గర్నుంచే సైట్లో రాసుకుంటారు" అన్నాడు. మామూలుగా అయితే ఆయన మీద విరుచుకుపడేదాన్నే. ఆ సాయంత్రం మాత్రం సరేనన్నాను.

ఇంక ఉండబట్టలేక మళ్లీ ఫోను చేశాను. ఆవిడే ఎత్తింది.

"ఇందాక చేసి పెట్టేసింది మీరేనా అండీ?"

"అవునండి. పాస్టరుగారు బాగున్నారా అండీ? మీ వైపు చలి బాగా ఉందా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆవిడ వరండా అంతా వినేటంత గట్టిగా, "కొండపల్లి గేటు దగ్గర బొగ్గు రైలు ఆగిపోయిందా అండీ? బస్సులన్నీ నిలబడిపోయాయా? అయ్యో, ఆలస్యమైపోద్ది మరి. వాళ్ల నాన్నకి చెప్తాలెండి" అంది.

నేను ఏ రైలు మాటా ఎత్తలేదు. అర్థమయ్యేసరికి ఏడుపొచ్చింది. పాస్టరుగారి భార్య ఆ పిల్ల కోసం నిలువునా అబద్ధమాడింది.

ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "అసలు బయల్దేరిందా అండీ?" అని అడిగింది. బయల్దేరిందన్నాను. "నేను ప్రార్థన చేసుకుంటాను. మీరు ఫోను దగ్గరే ఉండండి" అంది.

ఫోను దగ్గరే ఉన్నాను. మగపిల్లలు భోజనాలకు పిలిస్తే కసిరాను. హాల్లో ఎవరు నవ్వినా లేచి కొట్టాలనిపించింది. చివరికి ఫోను మోగితే, ఎత్తడానికి ధైర్యం చాలక రెండు మోతలు పోనిచ్చాను.

"చేరానండి మేడమ్. దారిలో టైరు పేలిపోయింది. ఇంకో బస్సొచ్చేదాకా అందరం రోడ్డు మీదే ఉన్నాం."

తిడదామనుకున్నాను. "అన్నం తిని పడుకోమ్మా" అని మాత్రం అనగలిగాను.

పొద్దున్నే ఆ పిల్లతో వాళ్ల నాన్న కూడా వచ్చాడు. ఆయన్ని చూడటం అదే మొదలు. మానిపించడానికే వచ్చాడనుకున్నాను. కూతురు వెళ్లి తన జట్టు దగ్గర కూర్చుంది. ఆయన కుర్చీ చివర కూర్చుని, "రాత్రి మీరు ఫోను చేసి, మాట్లాడకుండానే పెట్టేశారంట గదండీ. పాస్టరమ్మగారు చెప్పారు. ఎందుకండీ?" అని అడిగాడు.

"భయమేసిందండి" అన్నాను. ఎలాగూ నిశ్చయించుకున్నదే కదా అని అదీ చెప్పేశాను. "ఇకనుంచి మీ అమ్మాయిని పంపొద్దండి. ఈ భయం నేను పడలేను."

ఆయన కాసేపు కూతురి వైపు చూశాడు.

"భయం లేనోళ్ల దగ్గరికి పంపమంటారా అండీ మరి?" అన్నాడు.

ఆ వెంటనే తర్వాతి పోటీ ఎప్పుడని అడిగాడు. చెప్పాను.