గీత ఉండాల్సిన చోట గుట్ట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా చెల్లె పరిశోధన చేసే ప్రయోగశాల జీపు నడిపే భాయ్. ఆయన ఉండేది అబ్దుల్లాపూర్‌మెట్‌లో. చుట్టూ తిరిగి వచ్చి, ఇబ్రహీంపట్నంలో మా గుమ్మం ముందు చెల్లెను దించాడు. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, జర కనిపెట్టుకొని ఉండు. మిషన్ కాడ పని చెడ్డదట. ఆమె పెద్దసార్ తిట్టినా నాకింత ఫికర్ లేకుండె. ఆయన గూడ తిట్టలే."

ప్రయోగం పోయిందని అర్థమైంది. భాయ్‌కి చల్ల ఇచ్చాను. ఆ ఎండలో అంత దూరం తెచ్చి దించినందుకు ఆయనకు నేను ఇవ్వగలిగింది అదే.

ఆ ప్రయోగం గురించి నాకు తెలిసిందంతా చెల్లె చెప్పిందే. అసలు నాకున్న చదువే ఆమె పెట్టింది. మా బోరునీళ్లలోని ఫ్లోరైడు నా కాళ్లను చిన్నప్పుడే వంచేసింది, బడి దాకా నడవలేకపోయాను. నాకన్నా చిన్నదైన ఆ పిల్ల బడి నుంచి రాగానే పలక నా ఒళ్లో పెట్టి, ఆ రోజు పాఠం నాకు చెప్పేది. "గిదేం రాత అక్కా, కోడి గెలికినట్టు" అని కసిరేది. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ కసురు పుణ్యమే. దేవుడు నాకు గురువును మా ఇంట్లోనే పుట్టించాడు.

ప్రయోగం సంగతి ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది.

"ప్రోటాన్లను జోరుగ ఉరికిచ్చి మెగ్నీషియం మీద కొడ్తం. ఎన్నో కొడితె ఎప్పుడో ఒక కేంద్రకం ఒకదాన్ని మింగుతది. మింగి ఊకుంటదా? కడుపు నిండినోడు తేన్పినట్టు గామా కిరణం ఇడుస్తది. ఆ తేన్పుల్ని మేం లెక్కవెడ్తం."

"ఎవలి తేన్పో ఎట్ల తెలుస్తదే?"

"ఒక్కొక్కదానికి ఒక్కో శక్తి ఉంటది. తెర మీద దాని జాగల అది గీత లెక్క లేస్తది. నేను ఎతికే గీత మస్తు సన్నది అక్కా. కండ్లల్ల ఒత్తులేసుకొని చూడాలె."

ఆ గీత ఎంత ఎత్తు లేస్తుందో కొలిస్తేనే ఆమె పరిశోధన పూర్తవుతుంది. ఫెలోషిప్పు చివరికి వచ్చింది. ప్రోటాన్లను ఉరికించే యంత్రం మీద ఆమెకు దొరికింది ఒకటే వంతు.

మెగ్నీషియాన్ని ఒక లోహపు బిళ్ల మీద పలుచగా పూస్తారు. పూసే ముందు బిళ్లను శుద్ధమైన నీళ్లతో కడగాలి. సరిగ్గా అప్పుడే ప్రయోగశాలలో నీళ్లు శుద్ధి చేసే యంత్రం చెడిపోయింది. చెల్లె హయత్‌నగర్‌లో దిగి, ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కుపోయింది. మూతకు సీలు ఉంది. బోరునీళ్లంటే భయపడి పెరిగిన మావాళ్లకు సీలేసిన డబ్బా నీళ్లంటే గంగతో సమానం. ఎంత చదివినా ఆ నమ్మకం ఆమెలోనూ పోలేదు.

భాయ్ దించిపోయిన మర్నాడు పొద్దున, గోడకు ఆనుకొని కూర్చొని తనే నోరు విప్పింది.

"గీత ఉండాల్సిన కాడ గుట్ట లేసిందక్కా."

"ఏం గుట్టనే?"

"ఫ్లోరిన్‌ది. గింతంత అంటుకొని ఉన్నా సాలు, ప్రోటాన్ తాకంగనే ఒర్రుతది. దాని ఒర్రుడుల నా తేన్పు ఇనవడ్తదా?"

ఆ డబ్బా నీళ్లతోనే కడిగి, మెగ్నీషియం పూయని ఉత్త బిళ్ల పెట్టి చూసినా అదే గుట్ట వచ్చిందట. వేరే నీళ్లతో కడిగిన బిళ్ల పెడితే అణిగిందట. డబ్బాలో ఉన్నది బోరునీళ్లేనని అప్పుడు తేలింది. మళ్లీ కొత్తగా పూత పూసి, ఎక్కించి, కొలిచేంత వ్యవధి లేదు. వంతు అయిపోయింది.

చెప్తూ చెప్తూ నా మోకాళ్ల వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకుంది.

"నా కాళ్లెందుకు జూస్తవే? వాటికేం దెల్సు ఫిజిక్సు?" అన్నాను.

నవ్వబోయి ఏడ్చింది. నేను లేచి దగ్గరికి పోయేసరికి కొంగుతో మొహం తుడుచుకొని, "బియ్యం కడుగుత" అంటూ వంటింట్లోకి పోయింది.

మళ్లీ వంతు అడిగింది. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ ఏడు వచ్చేసరికి యంత్రంలో ప్రోటాన్లు పుట్టించే భాగమే పాడైంది, బాగుచేయించే దిక్కు లేకపోయింది. ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న పెద్దసార్ పదవీ విరమణ చేశారు. ఫెలోషిప్పు ఆగిపోయింది. ఆ డబ్బాలో బోరునీళ్లు నింపిందెవరో దుకాణంవాడికే తెలియదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు చెల్లె బొంగులూరులో ఒక వెంచర్ ఆఫీసులో పనిచేస్తోంది. ప్లాట్లు కొనవచ్చిన వాళ్ల వెంట హద్దురాళ్ల మధ్య తిరిగి, ఏది తూర్పు మొహమో చూపిస్తుంది.

"మల్ల చదువు మొదలువెట్టవా?" అని ఒకసారి అడిగాను.

"ఆ గీత ఆడనే ఉంటదక్కా. ఆడ నేనే ఉండ," అంది, చెప్పులు వేసుకుంటూ.

రోజూ దీపం ముందు కూర్చుంటాను. నాకు అక్షరం దొరికినందుకు, ఇద్దరం ఒక కప్పు కింద ఉన్నందుకు దండం పెడతాను. ఆమె కోసం ఏమి అడగాలో మాత్రం నాకు తోచదు. ఆమె కొలవాలనుకున్నది కొలవలేదు కనుక ఆమె పేరు ఎక్కడా అచ్చు కాదు. నేనూ ఇక్కడ రాయడం లేదు, రాయొద్దంది. ఇది చదివినవాళ్లు మీ మీ దేవుళ్ల ముందు చేతులు జోడించినప్పుడు, నాకు చదువు చెప్పిన ఆ చిన్నదాన్ని ఒక్కసారి తలచుకోండి.