నమ్మకం నేర్చుకోవడానికి వచ్చి ఇబ్రహీంపట్నం చెరువును చీల్చిపోయారు

ఒకే నది నీళ్ల కోసం ఏళ్లుగా కొట్లాడుకుంటున్న రెండు పొరుగు దేశాల దౌత్యాధికారులకు ఇబ్రహీంపట్నం చెరువు చూపించాలి, దుభాషిగా వస్తారా అని నగరంలోని ఒక శిక్షణ సంస్థ వాళ్లు అడిగితే ఎగిరి గంతేశాను. ఈ చెరువులో రెండూళ్ల వాళ్లు కలిసి చేపలు పట్టే పద్ధతంటే నాకు అంత ఇష్టం. ప్రతి పడవలో ఈ ఊరి మనిషి ఒకడు, ఆ ఊరి మనిషి ఒకడు ఉంటారు. దొరికిందంతా ఒకే కాంటా మీద తూచి చెరిసగం పంచుకుంటారు. ఎండాకాలంలో నడిచే ఈ కొద్దిరోజుల వేటే ఆ ఇళ్లకు ఏడాది కూడు.

అతిథులు ఏసీ బస్సులో వచ్చారు. నేను తెల్లవారుతుండగా ఎల్బీనగర్‌లో ఆర్టీసీ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు యాభై లోపే. తుర్కయాంజాల్, బొంగులూరు దాటి గంటలో దిగి, కట్ట దాకా ముప్పై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. చెరువు కాడ పెండ్లేమన్న ఉన్నదా అక్కా, గన్ని కార్లు పోతున్నయ్ అని ఆటో అన్న నవ్వాడు.

కట్ట ఎక్కగానే నాకు ఒళ్లు మండింది. ఆ సంస్థ నిర్వాహకుడు ఒక ఊరికి నీలం టోపీలు, ఇంకో ఊరికి పసుపు టోపీలు పెట్టించి, ఏ ఊరి వాళ్లను ఆ ఊరి పడవల్లోనే ఎక్కించాడు. రెండు పక్షాలని ఫొటోలో తెలియాలట! పద్ధతి చూపిస్తామని పిలిచి ఆ పద్ధతినే తీసేస్తారా అని అడిగాను. ఒక్క పూటకే కదా మేడం అన్నాడు. పదేళ్లుగా ఒకే పడవలో వల లాగిన సాయిలు, నర్సింహ ఆ రోజు చెరో పడవలో కూర్చుని, ఒకరి టోపీ చూసి ఒకరు నవ్వుకున్నారు.

పడవలు ఒడ్డుకొచ్చి తూకం వేస్తే, పసుపు టోపీల రాశి నీలం టోపీల దాంట్లో సగం కూడా లేదు. అవతలి ఒడ్డున వ్యాపారి వ్యాను ఆగింది, పంపకానికి రాకుండా చేపలు అక్కడే దింపేసి ఉంటారని నీలం టోపీల్లో ఎవరో అన్నారు. అంతే, మాటా మాటా పెరిగి కాలర్లు పట్టుకున్నారు. పసుపు టోపీ పెట్టుకున్న సాయిలు, తమకు పడినవి అంతేనని బిడ్డ మీద ఒట్టేశాడు. నర్సింహ అతని మొహం చూడలేదు.

“గిన్నేండ్లు నీ పక్కన కూసొని చూసిన, గందుకే ఒక్కనాడు అడగలే. ఇయ్యాల నేను లేకపోతి. ఎట్ల నమ్మాలె సాయిలూ?”

“బిడ్డ మీద ఒట్టేసినంక గూడ అడుగుతున్నవంటే, ఇగ నా పడవ ఎక్కకు” అన్నాడు సాయిలు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. షామియానా కింద ఆ రెండు దేశాల వాళ్లు వేరువేరు వరుసల్లో కూర్చుని నమ్మకం మీద ఉపన్యాసం విన్నారు. చేపల వేపుడు బాగుందని మెచ్చుకున్నారు. ఆ గొడవేమిటని ఒకాయన అడిగితే చెప్పబోయాను. నిర్వాహకుడు అడ్డొచ్చి, బేరమాడుకుంటున్నారని నవ్వేశాడు. వాళ్ల బస్సు కదిలేలోపే, రేపటి నుంచి ఎవరి వల వాళ్లదని రెండూళ్ల పెద్దలు తేల్చేశారు.

రెండూళ్లైనా, రెండు దేశాలైనా ఇంతే. నా పడవలో నీ మనిషి కూర్చున్నన్నాళ్లే ఒప్పందం నిలబడుతుంది. ఆ మనిషిని దింపేస్తే సాయిలు లాంటివాడు కూడా దొంగలా కనిపిస్తాడు. ఇంత చిన్న సంగతి తెలియని వాళ్లు దేశాలకు పాఠాలు చెబుతున్నారు! ఇది రాస్తుంటే కూడా నాకు కోపం చల్లారడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు ఎండ ముదరకముందే కట్ట చేరండి, వల లాగడం చూడొచ్చు. పడవ ఎక్కాలనిపిస్తే మాత్రం అది ఏ ఊరివాళ్లదో ముందే అడగండి. మొన్నటిదాకా ఆ చెరువులో అలా అడగాల్సిన పని లేదు.