లూబ్రిసిటీకి నేను రాసిన వాక్యం

నా డైరీల్లో ప్రతి పేజీ అడుగునా ఒక గీత ఉంటుంది. గీత పైన ఆ రోజు జరిగినవి. కింద ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థాలు, నేను కట్టిన ఒక వాక్యం. అరవైల నడిమి నుంచి ఈ పద్ధతి తప్పలేదు. అప్పట్లో తెనాలిలో ఉంటూ రోజూ రైల్లో రేపల్లె వెళ్లి ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేవాణ్ణి. రైలు భట్టిప్రోలు దాటేలోపు డిక్షనరీలో మాట వెతకడం, వాక్యం కట్టడం పూర్తయ్యేది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే హెడ్ గుమాస్తా, "ఏమోయ్, ఇవాళ్టి మాటేంటి?" అనేవాడు. వాక్యం మాత్రం మా ఆఫీసు వాళ్లలో ఆ వేళ గదిలో లేని మనిషి మీదే ఉండాలి. అది ఆయన పెట్టిన నియమం. అందుకే భోజనాల వేళ బయటికి వెళ్లడానికి అందరూ భయపడేవాళ్లం.

ఒకరోజు లూబ్రిసిటీ వచ్చింది. జిడ్డు వల్ల కలిగే జారుడుతనం మొదటి అర్థం. ఇంజను నూనె గురించి అంటే మెప్పు. మనిషికి అంటగడితే ఎటు నుంచీ పట్టు చిక్కని తత్వం. కామపు రాతలకూ చూపులకూ కూడా వాడతారట. బురదగట్టు మీద కాలు జారితే ఈ మాట ఎవరూ వాడరని, చదువుకున్నవాడు చదువుకున్నవాణ్ణి తిట్టడానికి పనికొస్తుందని పక్కన రాసుకున్నాను.

ఆ పూట గదిలో లేనిది కొత్త గుమాస్తా. అతనిది బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. తండ్రీ అన్నలూ చేపల వేటకు వెళ్తారు. ఆ ఇంట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి అతనే. నెల రోజుల్లో ప్రొబేషన్ ముగుస్తుంది, ఉద్యోగం ఉంటుందో పోతుందో తేలుతుంది. అతన్ని కిటికీ పక్కన విడిగా కూర్చుని తినమని ముందే చెప్పి ఉంచాం, చేపల వాసనని.

నేను లేచి చదివాను. "మన కొత్తాయనకున్న లూబ్రిసిటీ వాళ్ల నాన్న పట్టే చేపలకు కూడా లేదు. ఏ పనిలో పట్టుకున్నా చేతిలోంచి జారిపోతాడు." మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో.

"ముల్లు తీసి మరీ వడ్డించావు కదటోయ్!" అన్నాడు హెడ్ గుమాస్తా. ఆయనకు నవ్వు ఆపుకోలేక పొలమారింది.

వాక్యం కుదిరింది గానీ ఆ మనిషికి కుదరలేదు. ఇచ్చిన కాగితాన్ని ఏనాడూ మర్నాటికి మిగల్చనివాడు. చేప ఉంది కదా అని జారుడు తెచ్చాను, అంతే.

సాయంత్రం హెడ్ గుమాస్తా నా డైరీ అడిగి తీసుకెళ్లాడు. మా ఆఫీసులో ఇంగ్లీషు ఎవరూ సొంతంగా రాసేవాళ్లు కాదు. పాత ఫైళ్లలోంచి వాక్యాలు ఎత్తి రాయడమే పద్ధతి. వారం తర్వాత బాపట్లలోని పై అధికారికి పంపాల్సిన ప్రొబేషన్ రిపోర్టు చిత్తు ప్రతి టైపుకి నా బల్ల మీదికి వచ్చింది. నడవడి అన్నచోట నా వాక్యమే ఉంది. నాన్ననూ చేపలనూ మాత్రం తీసేశాడు.

"సార్, ఇది సరదాకి రాసిందండి."

"సరదాకి రాసినా ఇంగ్లీషు ఇంగ్లీషేనోయ్. ఏ ఫైల్లోనూ ఇంత మంచి ముక్క దొరకలేదు. కొట్టు."

కొట్టాను. నాలుగు కాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టి, ఒక్క తప్పు లేకుండా. నా మాట బాపట్ల దాకా వెళ్తోందని కొంచెం గర్వపడ్డాను కూడా.

ఉద్యోగం తీసేస్తూ ఆర్డరు వచ్చింది. కారణంగా ఆ వాక్యాన్నే ఎత్తి రాశారు. పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చట. అతను కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, ఈ ఒక్క మాట తెలియట్లేదండి. నా మీద నేరం ఏంటో తెలిస్తేనే కదండి అర్జీ రాసుకునేది."

డిక్షనరీ నా సొరుగులోనే ఉంది. "ఎప్పుడూ వినలేదయ్యా. చూడాలి," అన్నాను.

"మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండి," అన్నాడు. అందులో వెటకారం లేదు.

తాను ఏ తప్పూ చేయలేదని మాత్రం రాసి అర్జీ పెట్టుకున్నాడు. చూపిన కారణానికి ఇది జవాబు కాదని తిప్పి పంపారు.

డెబ్బైల్లో నాకు బాపట్ల బదిలీ అయింది. ఒక ఆదివారం చేపల బజారులో తట్ట ముందు అతనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"బాగున్నారాండి? ఆ మాట దొరికిందాండి?"

"ఏ మాటయ్యా?"

"నాకు దొరికిందండి. చీరాలలో ఒక మాస్టారు చెప్పారు. మామూలు డిక్షనరీల్లో కూడా ఉంటుందట." కూర్చుని తట్టలోంచి మంచి చేప ఏరి, ఒత్తి చూపించాడు. "ముక్కలు కొట్టమంటారాండి?"

"కొట్టు," అన్నాను.