పాతోళ్లు ఎలాగూ వత్తారు

ఏళ్ల తరబడి ఒకే చోట కారు బీమా కట్టిన మీకు, ఆ విశ్వాసానికి ఏం దక్కింది? మా పక్కింటి మావ తొమ్మిదేళ్లు కట్టారు. పోయిన మంగళవారం పొద్దున్న వల బాగుచేసుకుంటూ, గుండె పట్టుకుని అలాగే ఒరిగిపోయారు. కబురు విని పరుగెత్తాను. ఊరూరా పురాణం చెప్పే నోరు నాది. ఆ వాకిట్లో మాత్రం, సగం బాగుచేసిన ఆ వల తీసి చుట్టబెట్టాను.

మావ డొంకూరు సముద్రం మీద బతికిన మనిషి. వేటలో ఏం దొరికినా, చేపలు కొనే ఒక్క సావుకారికే వేసేవారు. వేట లేని నెలల్లో ఆ సావుకారు అడక్కుండానే ఇంటికి బియ్యం పంపేవాడు. ఒడ్డున నమ్మకమంటే అది. అత్తకి కిడ్నీలు పాడయ్యాక, డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లడానికి మావ ఒక పాత కారు కొన్నారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రోజూ మంచినీళ్లతో కడిగేవారు. అత్త కూర్చునే చోట దుప్పటి మడతేసి పరిచేవారు. కాశీబుగ్గ బీమా ఏజెంటుని కూడా ఆయన సావుకారు లాగే చూశారు. ఏటా వెళ్లేటప్పుడు చేతిలో ఎండుచేపల పొట్లం!

రెండేళ్ల కిందట నేనూ వెంట వెళ్లాను. మా ముందే ఒకాయన, అలాంటి కారుకే, మావ కన్నా బాగా తక్కువకి కాగితం తీసుకుని వెళ్లాడు.

“ఏటి బాబూ, ఆయన ఇయాలే వొచ్చాడు. నాను ఇన్నేళ్ల నుంచీ వత్తన్నాను. నాకే ఎక్కువేటి?” అన్నారు మావ.

“కొత్తోళ్లకి డిస్కౌంటు మావా. పాతోళ్లు ఎలాగూ వత్తారు కదా!” ఏజెంటు నవ్వాడు.

మావ కూడా నవ్వారు. “అయితే వొచ్చే ఏడు మీసం తీసేసి వత్తాను. కొత్తోడినని రాసుకో.”

బయటికొచ్చాక నేను మండిపడ్డాను. “పక్క ఆఫీసులో అడుగు మావా. ఇన్నేళ్లు క్లెయిము పెట్టని రాయితీ ఎక్కడికెళ్లినా నీతోనే వత్తాది.”

“నువ్వే కదా గుడికాడ సెప్పినావు, తిన్న ఉప్పు మరిసిపోకూడదని? ఇప్పుడు మాట తిప్పేత్తన్నావేటి?”

నిజమే. ఉప్పు తిన్నందుకు ప్రాణమిచ్చిన వీరుడి కథ ఎన్నిసార్లు గొంతు చించుకుని చెప్పానో! అన్న అధర్మం చూడలేక లంక విడిచి వచ్చేసిన తమ్ముడి కథ కూడా నా చంకలోని పుస్తకాల్లోనే ఉంది. అది ఎందుకు చెప్పలేదు?

మరుసటి ఏడు ధర ఇంకా పెరిగింది. ఏజెంటుని విడవలేక, అంత కట్టలేక, మావ ఫుల్ ఇన్సూరెన్స్ మానేసి, ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ కట్టారు. మొన్నటి గాలివానకి పెరట్లో కొబ్బరిచెట్టు కారు మీద కూలింది. పైసా రాలేదు. “పోనీలే, సెట్టు మీద కోపమేటి?” అన్నారు. ఏజెంటుని కూడా ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి అత్త ప్రయాణం ఆటోలోనే, మావ భుజం ఆనుకుని.

దినాలైనా కాలేదు, డయాలసిస్ ఆగదు కదా. నిన్న అత్తని ఆటో ఎక్కించి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ పక్కకి చేయి చాపుతోంది. ఖాళీ సీటు తగలగానే చేయి వెనక్కి తీసుకుంటోంది.

నాకు ఓపిక అయిపోయింది. అయినా చెబుతున్నాను. విశ్వాసం మనిషికి మనిషి మీద ఉండాల్సింది. ఎలాగూ వస్తావులే అని మిమ్మల్ని చూసి నవ్వేవాడికి మీరు ఆ విశ్వాసం బాకీ లేరు. ఈ పూటే మీ బీమా కాగితం తీయండి. మరో రెండు చోట్ల ధర అడగండి. పాత చోటా నిలదీయండి. ఫుల్ ఇన్సూరెన్స్ మాత్రం వదులుకోకండి. రేపు చూద్దాం అనకండి. లేవండి, ఇప్పుడే.