మధ్యాహ్నం తప్పిన దిక్కు

2004 వేసవిలో నన్ను స్టోర్స్ నుంచి రేడియో విభాగానికి మార్చారు. కంచన్‌బాగ్ వైపున్న ఒక పరిశోధనశాలలో నేను టెక్నీషియన్‌ని. చదువు ఐటీఐ, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నవి. విభాగాన్ని నడిపే శాస్త్రవేత్త రాజ్యలక్ష్మి గారిది గుంటూరు. ఆరుబయట అక్కడక్కడ పెట్టిన చిన్న సెన్సార్ పెట్టెల్లో ఏది ఏ దిక్కున ఉందో, అది పంపే రేడియో సంకేతాన్ని బట్టి చెప్పే యాంటెన్నాను ఆవిడ తయారుచేస్తున్నారు.

నడుమ ఒక కడ్డీ, చుట్టూ ఆరు పొట్టి కడ్డీలు. ఏదీ తిరగదు. చుట్టూ ఉన్నవాటిలో కొన్నింటిని స్విచ్చితో ఎర్త్ చేస్తే వినికిడి ఒక వైపుకు మొగ్గుతుంది. అలా ఆరు వైపులా విని, బలాలు పోల్చి కోణం కట్టాలి. ఆ లెక్క నాది. తప్పు పది డిగ్రీలు దాటకూడదు. శనివారం సమీక్ష. అందులో నెగ్గకపోతే ఆవిడ మూడేళ్ల పని అటకెక్కుతుంది, నేను మళ్లీ స్టోర్స్‌కి వెళ్తాను.

మా ఆవరణ నిండా భవనాలే కాబట్టి చాంద్రాయణగుట్ట వెనక యాదమ్మ డెయిరీ ఖాళీ స్థలంలో పరీక్ష పెట్టాం. పెట్టెను నలభై డిగ్రీల దగ్గర ఉంచాం. నా సగటు యాభై ఏడు వచ్చింది. పదిహేడు డిగ్రీల తప్పు. కడ్డీలు మార్చాం, తీగలు మార్చాం, అంకె కదల్లేదు.

నేను కోణాలు గట్టిగా చదువుతుంటే బర్రెలకు మేత వేస్తూ యాదమ్మ రోజూ వినేది. గురువారం నాడు ఆమె అడిగింది: "సారూ, మీ డబ్బ పొద్దుగాల నలభై మూడు అంటది, పగటీలి డెబ్బై ఒకటి అంటది. మా బర్రెలెక్క ఎండకు తిక్క లేస్తదా దానికి?"

రాజ్యలక్ష్మి గారు నేను కోణాలు రాసుకున్న పట్టీ అందుకుని చూశారు. "ఇందులో టైమ్ కాలమ్ ఏదండీ?" అన్నారు.

లేదు. కాగితం ఆదా అవుతుందని ఆ కాలమ్ తీసేసింది నేనే. ఉదయాన్నీ మధ్యాహ్నాన్నీ కలిపి సగం చేసి, ఏ పూటా చూపని అంకెను వారం రోజులుగా రాస్తున్నాను.

పగటిపూట అక్కడ మారేదేమిటని చూస్తే, పొద్దున లేని అల్యూమినియం పాల క్యాన్లు తూర్పు గోడ మీద ఎండకు వరుసగా బోర్లించి కనిపించాయి. పెట్టె సంకేతం వాటికి తగిలి రెండో దారిన కూడా వస్తోంది. శనివారం ఒక్కరోజు తీయమని అడిగాను.

"ఎండల ఆరకపోతే పాలు ఇరుగుతయి. మీ డబ్బ కోసం నా పాలు ఇరగ్గొట్టుకోవాల్నా?" అంది యాదమ్మ.

ఆమె కాదన్నాక గానీ సరైన ఆలోచన రాలేదు. రేడియో చానెల్ మారిస్తే నేరుగా వచ్చే సంకేతం దిక్కు మారదు. క్యాన్ల నుంచి వచ్చేది దాంతో కలిసే తీరు మారుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఐదు చానెళ్ల మీద విన్నాం. డెబ్బై ఒకటి, నలభై ఆరు, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు, నలభై ఎనిమిది. సగటు జోలికి పోకుండా వరుసగా పేర్చి, నడిమి అంకె తీసుకున్నాను. నలభై ఆరు. తప్పు ఆరు డిగ్రీలే. రాజ్యలక్ష్మి గారు ఆ వరుసను మూడుసార్లు చదివించుకుని నవ్వారు.

శనివారం సమీక్షాధికారికి అనుమానం వచ్చి, ఇంకో నాలుగు క్యాన్లు పెట్టమన్నారు. యాదమ్మ ఉత్సాహంగా పక్క డెయిరీ నుంచి పది తెచ్చి పేర్చింది. నడిమి అంకె నలభై ఎనిమిది దాటలేదు. ప్రాజెక్టును కొనసాగించమని ఆయన అక్కడే సంతకం పెట్టారు. మాకందరికీ పెద్ద గ్లాసుల్లో మజ్జిగ వచ్చింది.

క్యాన్లు తీయించి ఉంటే ఆ రోజు ఎలాగూ నెగ్గేవాళ్లం. ఆ యాంటెన్నా మాత్రం క్యాన్లు లేని చోటే పనిచేసేది. కొలిచే చోటును మనకు అనువుగా సర్దుకోకూడదని నాకు అక్కడ తెలిసింది.